కమ్మరి లేని దేశము



పోయిన వేసవిలో గాలివానకు మా సంఘపు పాత మందిరము కప్పు మీద పెంకులు లేచిపోయాయి. వానాకాలము రాకముందే సరిచేయించాలని సంఘ పెద్దలు నిర్ణయించారు. కానీ పెంకు పని తెలిసినవాడు చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఒక్కడూ దొరకలేదు. ఒకప్పుడు ఆ పని చేసిన పెద్దాయన మంచము పట్టి ఉన్నాడు. ఆయన కొడుకులకు ఆ పని రాదు. చివరికి పట్టణములో ఒక మేస్త్రీని పట్టుకుంటే ఒడిశా నుండి వచ్చిన ముగ్గురు పనివారిని పంపించాడు. ముగ్గురూ పాతికేళ్ల లోపువారే. నాలుగు రోజులలో పుచ్చిన వాసాలు మార్చి, రీపర్లు కొట్టి, పెంకులు పేర్చి, కూలి తీసుకొని వెళ్లిపోయారు.

ఆ నాలుగు రోజులూ మా సంఘపు యవ్వనస్థులు ప్రహరీ గోడ మీద కూర్చొని చూస్తూ ఉన్నారు. వారిలో డిగ్రీ ముగించినవారు ఇద్దరు, ఇంటర్ తప్పినవారు ముగ్గురు, ఇంజనీరింగు మధ్యలో ఆపివేసినవాడు ఒకడు. మా సంఘ పెద్ద ఒకరు మా దగ్గరకు వచ్చి మెల్లగా అన్నారు: "అయ్యగారూ, పని మన ఊరిది, కూలి మన కానుకలలోనిది, చేతులు మాత్రము ఎక్కడివో చూశారా?"

ఆ మాట మమ్మును చాలా రోజులు వెంటాడింది. అది మా ఒక్క సంఘపు సంగతి కాదని తెలిసే దాన్ని ఈ నెల మీ ముందు పెడుతున్నాము.

సానపట్టించుకొనుటకు పొరుగు దేశమునకు

మొదటి సమూయేలు గ్రంథము 13వ అధ్యాయము చివర ఒక చిన్న సంగతి ఉంది. సౌలు రాజైన తొలి దినములలో ఇశ్రాయేలు దేశమంతటిలో కమ్మరి అనేవాడు లేడు. హెబ్రీయులు కత్తులు, ఈటెలు చేసుకుంటారేమోనని ఫిలిష్తీయులు కమ్మరి పనిని వారి మధ్య ఉండనివ్వలేదు. ఫలితముగా నాగటి కర్రు మొద్దుబారినా, పార అరిగిపోయినా, గొడ్డలికి పదును కావలసినా ఇశ్రాయేలీయుడు కొండ దిగి తన శత్రువు దగ్గరకే వెళ్లవలసి వచ్చింది. యుద్ధదినము వచ్చినప్పుడు సౌలుకు, యోనాతానుకు తప్ప జనములో ఎవరి చేతిలోనూ ఆయుధము లేదు.

భూమి వారిది, పంట వారిది, రాజు కూడా వారివాడే. అయితే పనిముట్టుకు పదును పెట్టే చెయ్యి వారిది కాదు. పని తెలిసిన చేతులు లేని ప్రాంతము తన సొంత పొలములో కూడా పరాధీనముగానే ఉంటుంది.

దీనికి ఎదురుగా నిర్గమకాండములో బెసలేలును చూడండి. ప్రత్యక్షపు గుడారము కట్టుటకు దేవుడు ఆయనను పేరుపెట్టి పిలిచాడు. బంగారము, వెండి, ఇత్తడి పనులు, రత్నములు చెక్కుట, కఱ్ఱ పని చేయుట మొదలైన నైపుణ్యములను ఆత్మ ద్వారా అనుగ్రహించాడు. అయితే 35వ అధ్యాయము 34వ వచనము మనము తరచుగా చదవకుండా దాటిపోతాము. ఆయనకూ, అతనితో కూడ ఉన్న అహోలీయాబుకూ ఆ పని ఇతరులకు నేర్పే మనస్సును కూడా దేవుడే ఇచ్చాడని అక్కడ ఉంది. పని రావడము ఒక వరము, నేర్పడము మరొక వరము. రెండవది లేకపోతే మొదటిది ఆ మనిషితోనే సమాధికి పోతుంది. మా ఊరి పెంకు పని చేసిన పెద్దాయన విషయములో జరుగుతున్నది అదే.

ఒక పెంకు చెప్పిన చరిత్ర

కప్పు మీద నుండి దించిన పాత పెంకులలో ఒకదాన్ని మేము తిరగవేసి చూశాము. అడుగున ఇంగ్లీషు అక్షరములలో బాసెల్ మిషన్ పేరు, 1865 అనే సంవత్సరము అచ్చు వేసి ఉన్నాయి. మన పల్లెలలోని పాత మందిరములకు, బడులకు, రైల్వే స్టేషన్లకు మంగుళూరు పెంకులు వేశారని మనకు తెలుసు. వాటి వెనుక ఒక సంఘపు కన్నీళ్లు ఉన్నాయని తెలిసినవారు కొద్దిమంది.

స్విట్జర్లాండులోని బాసెల్ పట్టణము నుండి మిషనరీలు 1834లో పడమటి తీరానికి వచ్చి మంగుళూరులో పరిచర్య ఆరంభించారు. వాక్యము విని బాప్తిస్మము పొందినవారికి వెంటనే ఎదురైన ప్రశ్న కూటి ప్రశ్న. ఆ రోజులలో వృత్తి కులముతో ముడిపడి ఉండేది, కౌలు భూమి దొర దయతో ముడిపడి ఉండేది. విశ్వాసము మారితే ఇంటివారు వెలివేసేవారు, భూమి పోయేది, పని పోయేది. ఆదివారము ఆరాధనకు వచ్చినవాడు సోమవారము ఏమి తినాలి?

మిషనువారు కొంతకాలము వ్యవసాయము చేయించి చూశారు, చిన్న చిన్న పనులు పెట్టి చూశారు. అనుకున్నంత ఫలితము రాలేదు. అప్పుడు పని బాగా తెలిసినవారినే తమ దేశము నుండి పిలిపించారు. నేత పని ఎరిగిన జాన్ హాలర్ 1851లో మంగుళూరు వచ్చి మగ్గముల పని నేర్పాడు. ఖాకీ రంగు అద్దకము ఆయన చేతిలోనే రూపుదిద్దుకొన్నదని మంగుళూరులో చెప్పుకొంటారు. తరువాత జార్జ్ ప్లెబ్స్ట్ ఆ ప్రాంతపు నదుల ఒండ్రుమట్టిని పరీక్షించి, అది పెంకులకు శ్రేష్ఠమైనదని గుర్తించి, 1865లో నేత్రావతి తీరమున జెప్పులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాడు. ఒకదానిలో ఒకటి పట్టుకొనేలా అచ్చువేసిన ఆ పెంకు తేలికగా ఉండేది, వానకు నిలిచేది, గడ్డి కప్పులా అంటుకొనేది కాదు. మలబారు తీరము పొడవునా మరికొన్ని ఫ్యాక్టరీలు వెలిశాయి. ఆ పెంకులు ఓడలెక్కి పరదేశములకు కూడా వెళ్లాయి.

ఇందులో మనము గమనించవలసినవి రెండు. మొదటిది, వారు జాలిపడి ఊరకే కూడు పెట్టలేదు. గంట కొట్టినప్పుడు పనికి రావడము, కొలత తప్పకుండా అచ్చు పోయడము, బట్టీ వేడి ఎరిగి కాల్చడము నేర్పించారు. ఆ క్రమశిక్షణ కఠినముగా ఉండేది. ఫ్యాక్టరీ నడపడము సువార్త పనియేనా అని మిషనులోనే వాదములు కూడా వచ్చాయి. రెండవది, నేర్చుకొన్న పని ఫ్యాక్టరీ గోడల లోపల ఉండిపోలేదు. కొద్దికాలములోనే స్థానికులు సొంతముగా పెంకుల ఫ్యాక్టరీలు పెట్టారు. క్రైస్తవులు, ఇతరులు అనే తేడా లేకుండా ఆ తీరప్రాంతమంతటికీ పెంకు పని ఒక జీవనాధారమైంది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చింది. బాసెల్ మిషనులో జర్మనులు ఎక్కువమంది ఉండటముచేత ఆంగ్ల ప్రభుత్వము దాని ఆస్తులను స్వాధీనము చేసుకొన్నది. యుద్ధము ముగిసిన తరువాత ఫ్యాక్టరీలు వేరే కంపెనీ చేతికి వెళ్లాయి. ఆస్తి పోయింది. పనివాని చేతిలోని పనిని మాత్రము ఏ ప్రభుత్వమూ స్వాధీనము చేసుకోలేకపోయింది.

నరసాపురము లేసు నేర్పిన పాఠము

మన తెలుగు ప్రాంతములో కూడా ఇటువంటి ప్రయత్నము జరిగింది. పందొమ్మిదవ శతాబ్దములో మిషనరీ స్త్రీలు గోదావరి ప్రాంతములో మన అక్కచెల్లెండ్రకు లేసు అల్లిక నేర్పించారు. అది నరసాపురము, పాలకొల్లు పరిసరములలోని వేలాది ఇండ్లకు చేరింది. ఒక సూది, ఒక దారపు ఉండ, రెండు చేతులు. అంతకంటే పెట్టుబడి అక్కరలేదు.

అయితే ఈ కథ మంగుళూరు కథవలె ముగియలేదు. మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు నరసాపురము లేసు స్త్రీలను గురించి రాసిన పుస్తకము 1982లో వెలువడింది. ఆ స్త్రీలు అల్లిన లేసు విదేశములకు ఎగుమతి అయ్యేది, మధ్యలో వ్యాపారము చేసినవారు మేడలు కట్టుకున్నారు, అల్లిన స్త్రీకి మాత్రము అతి తక్కువ కూలి దక్కేది. కారణము ఏమిటి? రోజుకు ఎన్ని గంటలు అల్లినా ఆమెను పనివారిగా ఎవరూ లెక్కించలేదు. ఇంటిలో తీరిక వేళ చేసుకొనే పని అని అన్నారు. ఆమె కూడా అలాగే అనుకొన్నది. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. ఆ గుర్తింపు విలువ అల్లిన చేతి వరకు చేరాలని మన ప్రార్థన.

కాబట్టి పని నేర్పించడముతోనే మన బాధ్యత తీరదు. ఆ పనికి గౌరవము ఉండాలి, దాన్ని రుజువు చేసే పత్రము ఉండాలి, న్యాయమైన వెల అడిగే ధైర్యము ఉండాలి. ఇవి లేని నైపుణ్యము ఎదుటివానికే లాభము.

మేము చేసిన పొరపాటు

ఇంతవరకు ఇతరుల చరిత్ర చెప్పాము. ఇప్పుడు మా సంగతి చెప్పకపోతే అది వేషధారణ అవుతుంది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఇద్దరు అబ్బాయిలు ఒకే ఏడు పదవ తరగతి ముగించారు. ఒకరి తండ్రి మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మావాడికి లెక్కలు అంతంతమాత్రము. కానీ కరెంటు పని అంటే ప్రాణము. ఐ.టి.ఐ.లో చేర్చమంటున్నాడు, ఏమంటారు?" అని అడిగాడు. మేము ఏమన్నామో ఈ రోజుకు కూడా గుర్తుంది. "ఐ.టి.ఐ. ఏమిటయ్యా? దేవుడు గొప్ప కార్యములు చేసేవాడు. ఇంటర్ చదివించు, ఇంజనీరు అవుతాడు" అన్నాము. ఆయన మా మాట దేవుని మాటగా తీసుకొన్నాడు. ఉన్న అర ఎకరము తాకట్టు పెట్టాడు. ఇంజనీరింగులో సీటు వచ్చిన ఆదివారము ఆ అబ్బాయిని సంఘము ముందు నిలబెట్టి చేతులుంచి ప్రార్థన చేశాము. మొదటి సంవత్సరములోనే సబ్జెక్టులు మిగిలాయి, రెండవ ఏడు ఇంకా పెరిగాయి. మూడవ ఏడు కాలేజీకి వెళ్లడము మానివేశాడు. మందిరము గోడ మీద కూర్చొని పెంకు పని చూసినవారిలో ఒకడు అతడే. అర ఎకరము ఇంకా విడిపించుకోలేదు.

రెండవ అబ్బాయి ఒక విధవరాలి కుమారుడు. ఎవరినీ సలహా అడగకుండా ప్రభుత్వ ఐ.టి.ఐ.లో ఫిట్టరు ట్రేడులో చేరాడు. రెండేళ్లు చదివి, ఒక ఏడాది అప్రెంటిసు చేసి, ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో యంత్రముల మరమ్మతు విభాగములో పని చేస్తున్నాడు. తల్లి కంటి ఆపరేషను చేయించాడు. చెల్లెలిని నర్సింగు చదివిస్తున్నాడు. పోయిన క్రిస్మసుకు వచ్చినప్పుడు ఆరాధన మధ్యలో జనరేటరు ఆగిపోతే చొక్కా చేతులు మడిచి పావుగంటలో నడిపించాడు. ఆరాధన ముగిసిన తరువాత మేము అతనిని అందరి ముందు మెచ్చుకొన్నాము.

అందరూ వెళ్లిపోయిన తరువాత అతని తల్లి ఆగి ఇలా అన్నది: "అయ్యగారూ, మావాడు బడిలో చేరిన ఆదివారము కూడా మీరు పిలిచి ప్రార్థన చేస్తారని ముందు బల్లలోనే కూర్చున్నాను."

ఆ దినము ఆమె ముందు బల్లలో కూర్చున్న సంగతి మాకు గుర్తే లేదు. నజరేతులో వడ్రంగి పని చేసిన ప్రభువును ఆరాధించుచు, డేరాలు కుట్టి తన ఖర్చు తానే భరించిన పౌలును గురించి ప్రసంగించుచు, చేతిపని నేర్చుకొనుటకు వెళ్లే బిడ్డకు మాత్రము మేము ప్రార్థన చేయలేదు. మొదటి తండ్రి అప్పుకు, రెండవ తల్లి నొప్పికి మూలము ఒక్కటే. చేతిపని చిన్నదని మా మనస్సులో ఉండటమే. ఆ తండ్రి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాము. ఆయన ఏమీ అనలేదు, టీ ఇచ్చాడు. ఆ తరువాతనే ఈ వ్యాసము రాసే ధైర్యము వచ్చింది.

గేటు బయటా, గేటు లోపలా

అనంతపురము వైపు వెళ్లినవారు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీని చూసి ఉంటారు. 2017లో ఒప్పందము జరిగింది, 2019లో కార్లు బయటకు వచ్చాయి. తమిళనాడు సరిహద్దున ఉన్న శ్రీసిటీలో జపాను మొదలైన దేశముల కంపెనీలు ఎన్నో పని చేస్తున్నాయి. కరువు తప్ప మరొకటి ఎరుగని నేలలకు ఇటువంటివి రావడము మంచిదే. అయితే కంపెనీ ఎక్కడికి వచ్చినా ఊరివారికి రెండు రకముల పనులు దొరుకుతాయి. చేతిలో ట్రేడు సర్టిఫికెట్టో డిప్లొమానో ఉన్నవాడు యంత్రము దగ్గర నిలబడతాడు. ఏదీ లేనివాడు కాంట్రాక్టరు క్రింద ఊడ్చడానికో, మోయడానికో, గేటు దగ్గర కాపలాకో వెళతాడు. అవి నీచమైన పనులని మేము అనడము లేదు. ఏ పనియైనా ప్రభువు కొరకు చేయవచ్చును. కానీ నేర్చుకొనే శక్తి ఉన్న బిడ్డ మనము దారి చూపనందువలన జీవితమంతా గేటు బయట ఉండిపోతే ఆ లెక్క మనలను అడుగుతారు.

తల్లిదండ్రులు తెలుసుకొనవలసిన సంగతులు

పదవ తరగతి తరువాత దారులు ఇంటర్ ఒక్కటే కాదు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను, ఫిట్టరు, టర్నరు వంటి ట్రేడులు రెండు సంవత్సరములు. వెల్డరు, ప్లంబరు, డీజిలు మెకానిక్కు వంటివి ఒక సంవత్సరము. పద్నాలుగు ఏళ్లు నిండిన బిడ్డ చేరవచ్చును. ఆడపిల్లలకు కూడా ఈ ట్రేడులన్నిటిలో ప్రవేశము ఉంది. ఆడపిల్లంటే కుట్టుపని ఒక్కటే అనుకోవద్దు.

ఐ.టి.ఐ. చదువు ముగిసిన తరువాత 1961 అప్రెంటిసుల చట్టము ప్రకారము ఫ్యాక్టరీలలో, ప్రభుత్వ సంస్థలలో శిక్షణ పొందే వీలుంది. ఆ కాలములో స్టైపెండు ఇస్తారు. చాలామంది పిల్లలు ఐ.టి.ఐ. సర్టిఫికెట్టుతో ఆగిపోతారు. ఆ ఒక్క మెట్టు కూడా ఎక్కితేనే చెయ్యి తిరుగుతుంది.

పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరితే మూడేళ్ల డిప్లొమా. అది ముగించి ఈసెట్ రాసినవారు ఇంజనీరింగు రెండవ సంవత్సరములోనే చేరవచ్చును. అనగా చేతిపని దారిలో వెళ్లినవానికి పై చదువు తలుపు మూసుకుపోదు. ఆశ, శక్తి ఉన్నవాడు తరువాతనైనా ఎక్కవచ్చును.

చేర్చే ముందు ఆ ఐ.టి.ఐ.కి గుర్తింపు ఉన్నదో లేదో కనుక్కోండి. బిడ్డతో కూడ వెళ్లి వర్క్‌షాపు చూడండి. యంత్రముల మీద దుమ్ము ఉంటే చదువు మీద కూడా దుమ్మే. డబ్బు కడితే ఉద్యోగము ఖాయమని చెప్పే దళారులను నమ్మవద్దు. వెల్డింగుకు కళ్లద్దాలు, కరెంటు పనికి సరైన చెప్పులు, తొడుగులు లేకుండా బిడ్డను పంపించవద్దు.

సంఘము చేయగలిగినవి

మా సంఘములో మూడు పనులు ఆరంభించాము. అవి చిన్నవే.

జూను, జూలై నెలలలో ఒక ఆదివారము చదువులలో చేరే పిల్లలందరినీ ఒకేసారి ముందుకు పిలుస్తున్నాము. మెడిసినులో చేరిన బిడ్డయినా వెల్డింగులో చేరిన బిడ్డయినా ఒకే వరుసలో నిలబడతారు, ఒకే ప్రార్థన.

మైకు సెట్టు మార్చాలని దాచిన సొమ్ములో కొంత పనిముట్ల నిధిగా పెట్టాము. ఐ.టి.ఐ. ముగించిన బిడ్డకు పనిముట్ల పెట్టె కొని ఇస్తాము. సంపాదన మొదలైన తరువాత నెలకు కొంచెముగా తిరిగి కడతాడు. దాతృత్వము అనిపించుకోకుండా ఉండాలని తిరిగి కట్టే నియమము స్త్రీల సమాజమువారే పెట్టారు.

మూడవది బెసలేలు పని. సంఘములో మేస్త్రీ, వడ్రంగి, మోటారు మెకానిక్కు ఎవరు ఉన్నా ఏడాదికి ఒక్క బిడ్డనైనా వెంట తిప్పుకొని పని చూపించాలని కోరాము. ఒప్పుకొన్నవారు ఇద్దరే. ఒకరు, "నేర్పితే నా బేరము పోతుంది అయ్యగారూ" అని మొగమాటము లేకుండా చెప్పారు. ఆయన భయము అబద్ధము కాదు. ఆయన కొరకు ప్రార్థిస్తున్నాము.

ఇంజనీరింగు మానివేసిన ఆ అబ్బాయి ఇప్పుడు ఇరవై మూడేళ్లవాడు. ఇక ఆలస్యమైందని అన్నాడు. మోషేను పిలిచినప్పుడు ఆయన వయస్సెంతో అతనికి గుర్తుచేశాము. ఈ సంవత్సరము ఎలక్ట్రీషియను ట్రేడులో చేరాడు. పదిహేనేళ్ల పిల్లల పక్కన కూర్చోవడము సిగ్గుగా ఉందని చెబుతున్నాడు, అయినా మానకుండా వెళుతున్నాడు. అతడు రెండేళ్లూ నిలబడేటట్లు మీరు కూడా ప్రార్థించండి.

మంచము పట్టిన పెంకు పని పెద్దాయనను మొన్న చూడబోయాము. పని ఎవరికైనా నేర్పుతారా అని అడిగితే, లేవలేనుగాని నోటితో చెప్పగలనన్నాడు. వచ్చే వేసవిలో మందిరము వరండా పెంకులు విప్పవలసి ఉంది. ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి తీసుకురావాలని, పైన మన పిల్లలే ఉండాలని అనుకున్నాము.

మీ బిడ్డల చేతులను, వారికి నేర్పే చేతులను ప్రభువు దీవించును గాక. ఆమేన్.